అర స్వరం కింద

కోదండపాణి పాటకి ఒక పిల్ల ఏడుపు అడ్డొచ్చింది.

పెద్ద ఏడుపు కూడా కాదు. గుక్కపట్టి ఏడ్చే పిల్లలు కాసేపటికి అలిసిపోయి ఊరుకుంటారు, అది మనందరం చూసిందే. ఈ పిల్ల అలా ఏడవదు. గోడకి ఆనుకుని, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, "ఊఁ..." అంటుంది. ఊపిరి అయిపోయేదాకా ఒకటే స్వరం. ఆగుతుంది. మళ్ళీ "ఊఁ..." అంటుంది. కళ్ళలో చుక్క నీరుండదు. పొద్దున లేచింది మొదలు అదే.

సంగతి మొదటినుంచి చెప్తాను. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, చాప మీద ఇంకా చోటుంది.

సముద్రానికి దగ్గర్లో కండెలపాలెం అని నేతవాళ్ళ ఊరు. ఇంటింటికీ గుంటమగ్గం. నేలలో గొయ్యి తవ్వుకుని, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు. తుఫాను నాడు ఉప్పునీళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు నిండినవి ఆ గోతులే. మగ్గం మీద సగం నేసిన చీర పాడవుతుందని, కోసి తెచ్చుకుందామని లోపలికి దిగినవాళ్ళలో రంగనాయకులు ఒకడు. గోడ కూలింది. అతను పోయాడు. భార్య తుంటి విరిగి పట్నం ఆస్పత్రిలో ఉంది. వాళ్ళ పిల్లే ఈ పిల్ల. పేరు నాంచారు. ఐదేళ్ళుంటాయేమో.

ఊరు ఊరంతా తుఫాను షెల్టర్లోకి చేరింది. స్తంభాల మీద నిలబెట్టిన గుండ్రటి కట్టడం, చిన్న చిన్న కిటికీలు. లోపల ఈ చివర ఒకరు దగ్గితే ఆ చివర చెవిలో దగ్గినట్టు ఉంటుంది. అలాంటి చోట ఆ పిల్ల "ఊఁ" అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. గోడలే మూలుగుతున్నట్టు ఉండేది.

అక్కడికి పరాంకుశ దాసుగారు తన భజన మండలిని వెంటబెట్టుకుని వచ్చారు.

దాసుగారు పెద్దవారు. చూపు బాగానే ఉంది కానీ వినికిడి కొంచెం తగ్గింది. ఆయన తంబుర ఆయన గురువుగారిది. తంబురలో ఒక చిన్న మర్మం ఉంది, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. తీగలన్నీ గుర్రం అనే ఒక చెక్క మీదుగా పోతాయి. ఆ చెక్కకీ తీగకీ మధ్య సన్నటి నూలుపోగు పెడతారు. అది కుదిరితేనే తీగ ఝుమ్మంటుంది. కుదరకపోతే మొద్దుగా, ప్రాణం లేనట్టు మోగుతుంది. దాసుగారి తంబురకి ఆ నూలుపోగు ఎప్పుడూ కండెలపాలెం నుంచే వచ్చేది. అందుకే తుఫాను కబురు వినగానే శిష్యుల్ని పిలిచి, "ఆ ఊరి నూలు మన తంబురలో ఉంది. పదండి" అన్నారు. అంతకు మించి ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు.

పని ఇలా పెట్టుకున్నారు. పగలు చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళి, ఈ పిల్లల కోసం, ఈ కుటుంబాల కోసం కొత్తగా పాటలు కట్టి పాడాలి. జనం ఇచ్చే బియ్యం, దుప్పట్లు, పిల్లల బట్టలు తెచ్చి షెల్టర్లో పెట్టాలి. సాయంత్రం షెల్టర్లోనే భజన. తిండి ఒక్కటే సరిపోదు, మనిషికి పట్టుకోవడానికి ఒక మాట కూడా కావాలని దాసుగారి నమ్మకం.

పాటలు కట్టేది కోదండపాణి, మండలిలో అందరికీ కోదండం. దాసుగారి శిష్యుల్లో అంత చెవి, అంత గొంతు ఉన్నవాడు మరొకడు లేడు. ఎక్కడో వీధి చివర సైకిల్ బెల్లు మోగినా అది ఏ స్వరమో చెప్పేవాడు. మగగొంతుకి బాగా ఎత్తైన ఐదు శ్రుతిలో నిలబడి పాడితే గుడి గంట కొట్టినట్టు ఉండేది. వచ్చిన మర్నాడే ఒక పాట కట్టాడు.

"అలలారా మీకింత ఆకలేమిటే
పలకనూ బలపమునూ వదలరేమిటే"

ఈ పాటకి పట్నంలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఒకావిడ ఇంట్లోకి వెళ్ళి మనవడి కొత్త చొక్కా తెచ్చి, మడత కూడా విప్పకుండా ఇచ్చేసింది. మళ్ళీ పాడమని, మళ్ళీ పాడమని జనం పట్టుబట్టారు. కోదండం మంచివాడే. అయినా పాట పండితే పాడినవాడికి కాలు నేల మీద ఆనదు కదా, ఎంత మంచివాడికైనా.

ఆ ఊపుతో సాయంత్రం షెల్టరుకి వచ్చేసరికి గోడ దగ్గర "ఊఁ..."

ఇప్పుడు మీకు మండలి నియమాలు రెండు చెప్పాలి, లేకపోతే కోదండం కష్టం మీకు అర్థం కాదు. భజనలో ముందు ఒకరు పాడతారు, మిగతావాళ్ళు వంత పాడతారు. శ్రుతి ఎప్పుడూ ముందు పాడేవాళ్ళ గొంతుకే పెడతారు. దీపం వెలిగించి ఒకసారి శ్రుతి పెట్టాక, హారతి ఇచ్చేదాకా తంబుర తీగలు బిగించే బిరడల మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. అది మొదటిది. రెండోది, వంత అందనిదే ముందు పాడేవాళ్ళు తర్వాతి చరణానికి పోకూడదు. వంత రాకపోతే ఉన్న చరణమే మళ్ళీ పాడాలి.

ఈ రెండో నియమం వల్ల ఒకసారి పెద్ద తమాషా జరిగింది. అప్పుడు కోదండం కొత్తగా చేరిన కుర్రాడు. ఒక గ్రామంలో ఉత్సవానికి భజన. పాట మధ్యలో పులిహోర వచ్చిందన్న మాట వినబడి వంతవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. కోదండం కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. వంత అందలేదు. అదే చరణం మళ్ళీ అందుకున్నాడు. మళ్ళీ అందలేదు. వాళ్ళు తిని, చేతులు కడుక్కుని, వక్కపొడి వేసుకుని వచ్చేదాకా అదే చరణం పాడుతూ కూర్చున్నాడు. డోలక్ వాయించే మస్తాను ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతాడు. దాసుగారు మాత్రం ఆ రోజు కోదండాన్ని దగ్గరికి పిలిచి తన వంతు పాలు వాడి గ్లాసులో పోశారు.

సరే, షెల్టర్ దగ్గరికి వద్దాం.

మొదటి సాయంత్రం కోదండం పిల్లల కోసం కట్టిన పాట ఎత్తుకున్నాడు.

"పాలవెల్లి కింద పాకేటి గోపయ్య
ఏ ఇంటి పెరుగయ్య ఈ పూట నీకు"

చాలా చక్కటి పాట. నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ పల్లవి సగానికి రాగానే వాడి ముఖం ముడుచుకుపోయింది. ఆ పిల్ల మూలుగు వాడి శ్రుతికి సరిగ్గా అర స్వరం కింద పడుతోంది. సంగీతం తెలియనివాళ్ళకి అది మామూలు ఏడుపు. కోదండం లాంటి చెవి ఉన్నవాడికి పంటి కింద ఇసుక. గొంతు పెంచాడు. గొంతు పెంచితే గోడలు తిరిగి అరిచాయి. పక్కనున్న చంటిపిల్లలు ఇద్దరు ఉలిక్కిపడి లేచారు. "ఊఁ" మాత్రం ఉన్నచోటే ఉంది.

మర్నాడు చిడతలు తెచ్చాడు. ఆ మర్నాడు గంతులేసి పాడే పాట కట్టాడు. మిగతా పిల్లలు కాసేపు నవ్వారు, తర్వాత నాంచారు వైపు చూసి నవ్వడం మానేశారు.

మస్తాను ఊరుకుంటాడా. "తమ్ముడూ, ఆ పిల్ల నీకంటే గట్టి పాటగత్తెరా. పొద్దుటి నుంచి ఒకే స్వరం మీద నిలబడింది, కొంచెం కూడా జారలేదు. నువ్వు నిలబడగలవా?"

కోదండం నవ్వలేదు. వాడికి నిద్ర పట్టడం లేదు. తింటున్నా నడుస్తున్నా చెవిలో అదే మోగుతోంది. పట్నంలో అంతమందిని కదిలించిన గొంతు ఇక్కడ ఒక్క పిల్లని ఊరుకోబెట్టలేకపోతోందన్న ఉక్రోషం ఒకటి. ఆ పిల్ల వల్ల మిగతావాళ్ళకీ భజన దక్కకుండా పోతోందన్న బాధ ఇంకొకటి. ఏది ఎంతో వాడికే తెలియదు.

చివరికి ఒక సాయంత్రం నాంచారు నాయనమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పేరు మంగతాయారు. చేతిలో ఎప్పుడూ ఒక గిన్నె, గిన్నెలో పెరుగన్నం, పైన మూత. నాలుగు గుక్కల నీళ్ళు తప్ప ఏమీ ముట్టని పిల్ల ఎప్పుడైనా నోరు తెరిస్తే పెడదామని. భజన అయ్యేదాకా పిల్లని బయట వరండాలో కూర్చోబెట్టుకోమని కోదండం మెల్లగానే చెప్పాడు. చెప్పిన తీరులో తప్పేమీ లేదు. ఆవిడ కూడా ఏమీ అనుకోలేదు. "అట్టాగే బాబూ" అని పిల్లని చంకనేసుకుని, గిన్నె పట్టుకుని బయటికి వెళ్ళింది.

ఆ రోజు కోదండం పాడిన పాట విని ఉంటే మీరు మెచ్చుకునేవారు. శ్రుతి నిలిచింది. గొంతు విచ్చుకుంది. కళ్ళు మూసుకుని పాడాడు. పాట అయ్యాక కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా చాపలు ఖాళీ. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళి వరండాలో మంగతాయారు చుట్టూ కూర్చున్నారు. వాళ్ళ వెనకాల పిల్లలు. పిల్లల వెనకాల మగవాళ్ళు. లోపల మిగిలింది మండలి, దీపం, గోడలు.

మస్తాను పులిహోర మాట ఎత్తబోయి, కోదండం ముఖం చూసి మానేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, చాలా ఓపిక గల మనిషి. నాంచారు ముందు కింద కూర్చుని చర్మం పట్టి చూసింది, నాలుక చూసింది. పిల్ల ఎండిపోతోందని చెప్పింది. ఈ సాయంత్రానికి ఏమైనా తింటే సరే, లేకపోతే బండి తీసుకొస్తాను, పట్నం తీసుకెళ్ళి ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టాల్సిందే అంది. ఆవిడ చెప్పింది న్యాయమే. కానీ బండి అన్న మాట వినగానే మంగతాయారు పిల్లని దగ్గరికి లాక్కుంది. కొడుకుని తీసుకెళ్ళింది అలాంటి తెల్ల బండిలోనే.

డాక్టరమ్మ వెళ్ళాక ఆవిడ దాసుగారి దగ్గరికి వచ్చి నిలబడింది. "దాసుగారూ, దీన్ని బండెక్కించకుండా చూడండి" అంది. ఎలాగో ఆవిడకీ తెలియదు. ఆయన చేతులు జోడించారు. ఆ జోడించడం ఆవిడకో, పైనున్న రామయ్యకో చెప్పలేను.

కోదండం ఇదంతా విన్నాడు. షెల్టర్ మెట్లు దిగాడు, ఎక్కాడు. మళ్ళీ దిగాడు. బురదలో తడిసిన నూలు కండెలు కుప్పగా పడి ఉంటే కాలితో ఒకదాన్ని తోశాడు. చివరికి గురువుగారి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

తనవల్ల కావడం లేదని చెప్పాడు. ఇన్ని పాటలు కట్టాను, ఒక్కటీ ఆ పిల్లకి తగలడం లేదు, ఇక నన్ను పట్నంలోనే పాడనివ్వండి, అక్కడైతే నావల్ల పది కుటుంబాలకి అన్నం వస్తుంది, ఇక్కడ నేను దండగ అన్నాడు. అంతా చెప్పి, అసలు బాధ చివర చెప్పాడు.

"శ్రుతి నిలవడం లేదు స్వామీ. ఆ పిల్ల అర స్వరం కింద ఏడుస్తోంది. నాకు పిచ్చెక్కేలా ఉంది."

దాసుగారు చెయ్యి చెవి వెనక పెట్టుకున్నారు. "ఎంత కింద?"

"అర స్వరం."

"సరిగ్గా విన్నావా?"

"నా చెవి ఎప్పుడైనా తప్పిందా స్వామీ?"

"తప్పలేదు" అన్నారు దాసుగారు. "నాకైతే అంత తెలియలేదు. ఈ షెల్టర్లో ఇంకెవరికీ తెలిసినట్టు లేదు. నీ ఒక్కడికే తెలిసింది."

అంతే. మెచ్చుకున్నారో దెప్పారో కోదండానికి అంతుపట్టలేదు.

పొద్దు వాలింది. దీపం వెలిగించారు. దాసుగారు తంబుర ఒళ్ళోకి తీసుకుని, ఎప్పటిలాగే కోదండం గొంతుకి ఐదు శ్రుతి పెట్టారు. ఈసారి పిల్లని బయటికి పంపమని కోదండం అడగలేదు. మంగతాయారు గోడ దగ్గరే ఉంది, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, బండి వచ్చే దారి వైపు చూస్తూ. నాంచారు పక్కన.

కోదండం గోపయ్య పాట ఎత్తుకున్నాడు. వాడిలో ఉన్న భక్తంతా పెట్టి పాడాడు, అబద్ధం చెప్పకూడదు. తిను తల్లీ, ఒక్క ముద్ద తిను అని లోపల అనుకుంటూనే పాడాడు. "ఊఁ..." అని గోడ దగ్గరనుంచి వస్తూనే ఉంది. పాట, ఏడుపు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. వాడి చెమట కారి మెడ మీదికి వచ్చింది.

మధ్యలో తంబుర ఆగిపోయింది.

దాసుగారు తీగల మీద అరచెయ్యి పెట్టి ఆపేశారు. పాట నడుస్తుండగా ఆయన తంబుర ఆగడం మండలిలో ఎవరూ ఎరగరు. కోదండం నోరు తెరుచుకునే ఉంది. ఆయన నేల మీద చెయ్యి ఊని లేచారు. తంబురని బిడ్డని ఎత్తుకున్నట్టు భుజానికి ఆనించుకుని, చాపలు దాటుకుంటూ ఆ చివరికి వెళ్ళారు. నాంచారుకి కొంచెం ఎడంగా, అదే గోడకి ఆనుకుని కూర్చున్నారు.

కూర్చుని, బిరడ మీద చెయ్యి వేశారు.

దీపం వెలుగుతోంది. హారతి కాలేదు. మస్తాను చెయ్యి డోలక్ మీద గాల్లోనే ఉండిపోయింది.

"కోదండం, ఇలా రా" అన్నారు దాసుగారు. "నా చెవి పాతబడింది. ఎంత దించాలో నువ్వు చెప్పు."

కోదండం వచ్చి కూర్చున్నాడు. దాసుగారు ఒక తీగ వదులు చేశారు. మీటారు. వాడి వైపు చూశారు. కోదండం చెప్పాలంటే తీగ ఒక్కటే వింటే సరిపోదు, పిల్లని కూడా వినాలి. తంబుర మోతలో సరిగ్గా తెలియక ముందుకి వంగాడు. ఇంకా వంగాడు. చివరికి వాడి చెవి ఆ పిల్ల మోకాలి దాకా వచ్చింది. ఇన్ని రోజులుగా వినకూడదని చెవులు బిగించుకున్న ఏడుపుని ఇప్పుడు ఊపిరి బిగబట్టి వింటున్నాడు.

"ఇంకానా?" అన్నారు దాసుగారు.

"ఇంకొంచెం స్వామీ."

"ఇప్పుడు?"

 కోదండానికి ఇంకేదో వినపడింది. ప్రతి "ఊఁ" చివరా ఆ పిల్ల ఆగుతోంది. ఊపిరి కోసం అయితే అంతసేపు అక్కర్లేదు. ఊపిరి తీసుకున్నాక కూడా ఆగుతోంది. ప్రతిసారీ ఒకే కొలత. తల కొంచెం ఎత్తి ఆగి, ఏమీ రాకపోతే, మళ్ళీ అదే ఎత్తుకుంటోంది.

వాడు తల ఎత్తి గురువుగారిని చూశాడు. ఆయన చూపు తీగల మీదే ఉంది.

"సరిపోయింది స్వామీ" అన్నాడు. 

తీగలన్నీ దించారు. కానీ శ్రుతి మారేసరికి పాత నూలుపోగు కుదరలేదు. తీగలు మొద్దుగా మోగుతున్నాయి. దాసుగారు ఆ పోగు తీసి చూశారు, అది నలిగి తెగింది. చుట్టూ చూసి, "అమ్మా, ఒక నూలుపోగు ఉంటే ఇస్తారా" అని మంగతాయారుని అడిగారు. ఊరి నూలంతా ఉప్పునీళ్ళ పాలైంది. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, తన చీర చెంగు చివర నుంచి ఒక పోగు లాగి ఇచ్చింది.

"ఎవరు నేసిందమ్మా?"

"మావాడే."

దాసుగారు ఆ పోగుని కళ్ళకద్దుకున్నారు. తీగల కింద పెట్టి, వేలితో అటూ ఇటూ జరిపారు. మీటారు.

తంబుర ఝుమ్మంది. ఆ గుండ్రటి షెల్టరంతా ఒక్కసారి నిండింది. "ఊఁ..." అని నాంచారు అంటూనే ఉంది, కానీ ఏది తీగో ఏది పిల్లో విడదీయడం ఎవరికీ చేతకాలేదు. పిల్లకీ తెలియలేదేమో, చెయ్యి జాపి తంబుర బుర్ర మీద పెట్టింది. అది అరచేతిలో వణికింది. చెయ్యి తీయలేదు.

ఊపిరి అయిపోయింది. ఆగింది. తల కొంచెం ఎత్తింది.

ఆ ఖాళీలో కోదండం, "ఊఁ..." అన్నాడు.

మాటల్లేవు, గమకాల్లేవు. అదే స్వరం, అంతే పొడవు. పట్నంలో వీధి చివరిదాకా వినిపించే గొంతు, పక్క చాప మీదకి మాత్రం వినిపించేంత.

నాంచారు వాడిని చూసింది. మొదటిసారి ఒకరి ముఖం చూసింది. మళ్ళీ "ఊఁ..." అని ఆగింది. ఈసారి కోదండంతో పాటు మస్తాను కూడా అందుకున్నాడు. ఆ తర్వాత మండలి. ఆ తర్వాత ఆడవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే. పిల్ల అనడం, ఊరంతా బదులు పలకడం. గోడలు కూడా మెత్తగా పలికాయి. అలా ఎంతసేపు జరిగిందో లెక్కపెట్టే స్థితిలో ఎవరూ లేరు.

అప్పుడు నాంచారు స్వరం కదిలింది.

ఇన్ని రోజులుగా ఉన్నచోటు వదలని స్వరం ఒక మెట్టు పైకి వెళ్ళింది. దానికి మాట వచ్చింది.

"నాన్నా..."

అని, ఆగింది.

 మస్తాను తల దించుకున్నాడు. ఆ మాట తిరిగి అనే ధైర్యం అక్కడ ఎవరికుంది చెప్పండి. షెల్టరంతా ఆ ఖాళీ అలాగే నిలబడింది. పిల్ల తల ఎత్తి చూస్తోంది.

అప్పుడు దాసుగారు, ఆ ముసలి బొంగురు గొంతుతో, తీగ మీటుతూనే, "నాన్నా..." అన్నారు. అదే మెట్టు మీద.

తర్వాత మంగతాయారు అంది. కొడుకుని పిలిచినట్టు అంది. తర్వాత అందరూ అన్నారు. ఆ షెల్టర్లో నాంచారు ఒక్కతేనా పోగొట్టుకుంది? బియ్యం వరసలో, దుప్పట్ల వరసలో ఇన్నాళ్ళూ నోరు మూసుకుని నిలబడ్డవాళ్ళందరూ ఆ ఒక్క మాట పాడారు.

పిల్ల పెదవి వంకర తిరిగింది. కళ్ళు నిండాయి. గుక్కపట్టి, వెర్రెత్తినట్టు, మామూలు పిల్లలు ఏడ్చినట్టు ఏడ్చింది. నాయనమ్మ ఒళ్ళో పడి, కాళ్ళు కొట్టుకుంటూ ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. తంబుర ఆగలేదు.

మెట్ల కింద బండి చప్పుడైంది. డాక్టరమ్మ గబగబా పైకి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, అక్కడే నిలబడిపోయింది.

ఏడిచి ఏడిచి నాంచారు అలిసింది. వెక్కిళ్ళు మిగిలాయి. వెక్కిళ్ళ మధ్య గిన్నె వైపు చూసింది. మంగతాయారు మూత తీసి, చిన్న ముద్ద చేసి, నోటి దగ్గర పెట్టింది.  పిల్ల నోరు తెరిచింది.

రెండో ముద్దకి డాక్టరమ్మ వెనక్కి తిరిగి, బండి అతన్ని వెళ్ళిపోమని చెయ్యి ఊపింది. రేపు పొద్దున మళ్ళీ వచ్చి చూస్తానని నెమ్మదిగా చెప్పి, తను మాత్రం వెళ్ళకుండా గుమ్మంలోనే కింద కూర్చుంది.

హారతి ఆ రోజు గొంతు ఎత్తకుండా ఇచ్చారు. పిల్ల తంబుర బుర్ర మీద చెంప పెట్టుకుని నిద్రపోయింది. పిల్ల కదలకుండా తంబుర తీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.

చాపలు చుడుతుండగా కోదండం గురువుగారి పక్కకి వచ్చాడు. 

"స్వామీ, హారతి కాకుండా బిరడలు ముట్టుకోకూడదని మీరే కదా చెప్పారు."

"ఔను, చెప్పాను."

"మరి ఇవాళ..."

దాసుగారు తంబుర మీద గుడ్డ కప్పి ముడి వేస్తున్నారు.

"శ్రుతి పెట్టేది ముందు పాడేవాళ్ళ గొంతుకి కదా నాయనా" అన్నారు. "ఇన్ని రోజులుగా ఇక్కడ ముందు పాడుతున్నది ఎవరు?"

కోదండం వంగి మిగిలిన చాప చుట్టాడు.

మర్నాడు మండలి ఇంకో ఊరి షెల్టరుకి వెళ్ళింది. అక్కడా పిల్లలున్నారు, అక్కడా గోడలకి ఆనుకుని కూర్చున్నవాళ్ళున్నారు. దాసుగారు తంబుర కోదండం చేతికిచ్చి, శ్రుతి పెట్టమన్నారు. కోదండం దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బిరడల మీద చెయ్యి వెయ్యలేదు. తల కొంచెం వంచి, గోడల వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. పొద్దు వాలింది. దీపంలో నూనె పోశారు. జనం వచ్చి చాపల మీద సర్దుకున్నారు. వాడు అలాగే కూర్చుని ఉన్నాడు.

ఎందుకు ఆలస్యమని మస్తాను కూడా అడగలేదు.